పంతులమ్మ కొడుకు డేవ్ గాలహర్

మన గ్రౌండులో కబడ్డీ, ఫుట్‌బాల్ ఆడినవాళ్లం చాలామందిమే ఉన్నాం గానీ, రగ్బీ ఆడినవాళ్లు ఎవరూ ఉండరేమో. జట్టుకు పదిహేను మంది, కోలగా ఉండే బంతిని చేతబట్టుకుని, అడ్డొచ్చినవాళ్లను తోసుకుంటూ పరుగెత్తే ఆట అది. ఆ ఆటలో న్యూజిలాండ్‌కు పేరు తెచ్చిన తొలి తరం కెప్టెన్ డేవ్ గాలహర్ గురించి ఈ సంచికలో రాయాలనిపించడానికి కారణం ఆయన తల్లి. ఆవిడ బడిపంతులమ్మ.

డేవ్ 1873లో ఐర్లండ్‌లోని రామెల్టన్‌లో పుట్టారు. 1878లో కుటుంబం ఓడెక్కి న్యూజిలాండ్‌లోని కటికటికి చేరింది. తండ్రి వయసు మీరినవాడు. తల్లి మరియా జీతమే ఆధారం. ఆవిడకు జబ్బు చేసి ఉద్యోగం పోయింది. 1887లో కాన్సర్‌తో కన్నుమూసింది. పదమూడేళ్ల డేవ్ బడి మానేసి పనికి వెళ్లాడు. పంతులమ్మ ఇంట్లోనే చదువు అలా ఆగిపోయింది.

తర్వాత ఆక్లండ్‌లో కాయకష్టం, ఖాళీ దొరికితే రగ్బీ. మధ్యలో బోయర్ యుద్ధానికి దక్షిణాఫ్రికా వెళ్లొచ్చారు.

1905లో బ్రిటన్ పర్యటనకు ఆయన్ను కెప్టెన్‌గా వేస్తే, ఓడలోనే కొందరు ఆటగాళ్లు గొణిగారు. ఆయన వెంటనే తప్పుకుంటానన్నారు. మేనేజర్ ఒప్పుకోలేదు. చివరికి ఆటగాళ్లే ఓటు వేసుకున్నారు: 17 మంది ఆయన వైపు, 12 మంది కాదని. అలా చీలిన జట్టే ఆ పర్యటనలో 35 ఆటల్లో 34 గెలిచింది! ఆల్ బ్లాక్స్ అన్న పేరు స్థిరపడింది అప్పుడే. ఓడింది ఒక్క వేల్స్ చేతిలో, 3-0తో. బాబ్ డీన్స్ బంతిని గీత దాటించాడా లేదా అన్న తగువు ఇప్పటికీ తెగలేదు. గాలహర్ మాత్రం ఓటమిని మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. ఆ మరుసటి ఏడాది, బడి మధ్యలో మానేసిన ఈ మనిషి సహచరుడు బిల్లీ స్టెడ్‌తో కలిసి రగ్బీ మీద పెద్ద పుస్తకం తెచ్చారు.

1916లో తమ్ముడు డగ్లస్ ఫ్రాన్స్‌లో యుద్ధంలో చనిపోయాడు. ఆ ఏడాదే గాలహర్ కూడా సైన్యంలో చేరారు. పెళ్లయింది, కూతురుంది, నలభై దాటాయి. రమ్మని ఎవరూ బలవంతం చేయలేదు. పైగా వయసు తగ్గించి రాయించుకున్నారు. బడి రిజిస్టర్లో మన పుట్టినతేదీలు పెద్దవాళ్లు ఎలా రాయించారో తెలిసిన మనకు ఇదేమీ వింత కాదు గానీ, మనవాళ్లు రాయించింది చదువు కోసం.

1917 అక్టోబరు 4న బెల్జియంలో, పాషెండేల్ పోరాటంలో తలకు తగిలిన గాయంతో ఆయన చనిపోయారు. మరుసటి ఏడాది ఇంకో సోదరుడు హెన్రీ కూడా యుద్ధంలోనే పోయాడు. పోపరింగె దగ్గర డేవ్ సమాధి ఉంది. దానిమీద వయసు 41 అని చెక్కారు. నిజానికి ఆయనకు 43.