రుడాల్ఫ్ డీజిల్

రుడాల్ఫ్ క్రిస్టియన్ కార్ల్ డీజిల్ (మార్చి 18, 1858 - సెప్టెంబరు 29, 1913) జర్మనీకి చెందిన ఇంజనీరు, డీజిల్ ఇంజను సృష్టికర్త. నిప్పురవ్వ అవసరం లేకుండా, గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడితోనే ఇంధనాన్ని మండించే యంత్రాన్ని ఇతడు తయారు చేశాడు. లారీలు, బస్సులు, ఓడలు, నీటి పంపులు, కోనసీమలో గోదావరి పాయలు దాటించిన పంట్లు అన్నీ ఈ సూత్రం మీద నడిచినవే. అయితే ఇంజనులోనికి ఇంధనాన్ని తగిన సమయానికి, తగినంత మాత్రమే పంపడం ఎలా అన్న చిక్కు ఇతడిని జీవితాంతం వెంటాడింది. కారులో ఇమిడే పరిష్కారం ఇతని మరణానంతరం ఇతరుల చేతుల మీదుగా వచ్చింది. ఇతని ఇంటిపేరు ఇంజనుకూ, ఇంధనానికీ కూడా స్థిరపడిపోయినందున ఈ వ్యాసంలో వ్యక్తిని రుడాల్ఫ్ అని పేర్కొనడమైనది.

బాల్యం, విద్యాభ్యాసం

రుడాల్ఫ్ పారిస్ నగరంలో జన్మించాడు. తండ్రి థియోడర్ డీజిల్ జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నుండి వలస వచ్చిన బైండింగు పనివాడు, తోలు సామాను తయారుచేసేవాడు. తల్లి ఎలీజ్. ముగ్గురు పిల్లలలో రుడాల్ఫ్ రెండవవాడు.

1870లో ఫ్రాన్సుకు, ప్రష్యాకు యుద్ధం మొదలయ్యింది. జర్మన్ కుటుంబాలు పారిస్ విడిచి వెళ్ళవలసి రావడంతో వీరు లండను చేరారు. అక్కడి నుండి తల్లి పన్నెండేళ్ళ కొడుకును ఆగ్స్‌బర్గ్‌లో బంధువులైన బార్నికెల్ దంపతుల వద్దకు పంపింది. బార్నికెల్ అక్కడి వృత్తి విద్యా పాఠశాలలో గణితం బోధించేవాడు. పద్నాలుగేళ్ళ వయసులోనే రుడాల్ఫ్ తాను ఇంజనీరు కాదలచినట్లు తల్లిదండ్రులకు ఉత్తరం వ్రాశాడు. 1875లో మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో చదవడానికి ఉపకారవేతనం లభించింది. కొడుకు త్వరగా సంపాదనలో పడితే చాలుననుకున్న తల్లిదండ్రులకు ఇది ఇష్టం లేకపోయినా అతడు చేరాడు.

అక్కడ ఇతని గురువు కార్ల్ ఫాన్ లిండే. శీతలీకరణ యంత్రాల నిర్మాణంలో లిండే పేరు నేటికీ చెబుతారు. ఆవిరి యంత్రం బొగ్గులోని శక్తిలో ఎక్కువ భాగాన్ని వృథా చేస్తుందని తరగతిలో విన్న రుడాల్ఫ్‌కు, ఆ వృథాను తగ్గించాలన్న ఆలోచన అప్పుడే నాటుకుంది. టైఫాయిడ్ సోకి 1879లో పరీక్ష తప్పిపోగా, 1880 జనవరిలో అత్యున్నత శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు.

తొలి ఉద్యోగాలు

పట్టా పుచ్చుకున్న వెంటనే పారిస్ వెళ్ళి లిండే వారి మంచు కర్మాగారం నిర్మాణంలో చేరి, ఏడాదిలోనే దానికి డైరెక్టరు అయ్యాడు. 1883లో మార్తా ఫ్లాషేను వివాహమాడాడు. వీరికి ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె. ఆవిరికి బదులు అమ్మోనియాతో నడిచే యంత్రం కోసం చేసిన ప్రయోగాలలో ఒకటి ప్రేలి ఇతడు కొన్ని నెలలు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ దెబ్బ ఆరోగ్యం మీదా, కంటిచూపు మీదా తరువాత కూడా కనిపించింది. 1890లో బెర్లిన్‌కు మారాడు.

ఇంజను నిర్మాణం

1892లో రుడాల్ఫ్ తన యంత్రానికి పేటెంటు కోరాడు. 1893 ఫిబ్రవరిలో అది మంజూరయ్యింది. అదే ఏడు తన సిద్ధాంతాన్ని గ్రంథంగా ప్రచురించాడు. సైకిలు పంపుతో గాలి కొట్టినప్పుడు పంపు అడుగు వేడెక్కడం అందరూ ఎరిగినదే. అదే గాలిని ఎన్నో రెట్లు ఎక్కువగా నొక్కితే, అందులో పడిన ఇంధనం దానంతట అదే మండుతుంది. పుస్తకంలో ఇతడు ప్రతిపాదించిన 250 వాతావరణాల పీడనం ఆనాటి లోహపు పనితనానికి అందనిది. తరువాత ఆ లెక్కను తానే బాగా తగ్గించుకున్నాడు.

ఆగ్స్‌బర్గ్ యంత్ర కర్మాగారం (తరువాతి కాలంలో మాన్ సంస్థ) అధిపతి హైన్రిక్ ఫాన్ బుజ్ ప్రయోగాలకు చోటు ఇచ్చాడు. క్రప్ సంస్థ ధనసహాయం చేసింది. 1893 ఆగస్టు 10న జరిగిన తొలి పరీక్షలో ఇంధనం మండనైతే మండింది గాని, ఆ ధాటికి పీడనాన్ని కొలిచే పరికరం బద్దలై ముక్కలు ఎగిరాయి. 1894 ఫిబ్రవరి 17న ఇంజను మొదటిసారి తన సొంత బలంతో తిరిగింది. అది కూడా ఒక్క నిమిషం పాటు మాత్రమే.

ఆ తరువాతి మూడేళ్ళూ పని ఎక్కువగా ఇంధనం పంపే విధానం చుట్టూనే తిరిగింది. గాలి పూర్తిగా నొక్కుకున్నప్పుడు సిలిండరులో పీడనం ముప్పై వాతావరణాలకు పైబడి ఉంటుంది. అంతటి ఒత్తిడికి ఎదురుగా ఇంధనాన్ని లోపలికి నెట్టాలి. ధారగా పడితే సరిగా మండదు, మంచు తుంపరలా విడిపోవాలి. ముందుగా పడరాదు, ఆలస్యం కారాదు, ఎక్కువ పడితే నల్లని పొగ. ఇంధనాన్ని నేరుగా పంపుతో నెట్టాలని రుడాల్ఫ్ ప్రయత్నించి విఫలుడయ్యాడు. అంత సూక్ష్మంగా కొలిచి, కారకుండా పట్టి ఉంచే పంపును తయారుచేయగల పనిముట్లు అప్పుడు లేవు. చివరకు మరింత ఎక్కువ పీడనంతో నొక్కి ఉంచిన గాలితో ఇంధనాన్ని లోపలికి ఊదే పద్ధతిని అవలంబించాడు.

1897 ఫిబ్రవరి 17న మ్యూనిక్ ఆచార్యుడు మోరిట్జ్ ష్రోటర్ ఈ ఇంజనును పరీక్షించాడు. 250 మిల్లీమీటర్ల వ్యాసం గల ఒకే సిలిండరుతో, నిమిషానికి సుమారు 154 చుట్లు తిరుగుతూ అది ఇంధనంలోని శక్తిలో 26.2 శాతాన్ని పనిగా మార్చింది. ఆనాటి మంచి ఆవిరి యంత్రాలు కూడా దానిలో సగాన్ని చేరడం కష్టం. ఈ ఇంజను మ్యూనిక్‌లోని జర్మన్ మ్యూజియంలో ఉంది. బరువు దాదాపు నాలుగున్నర టన్నులు. గాలిని ఊదే కంప్రెసరు ఇంజను బలంలో కొంత తానే తినేసేది. కర్మాగారాలకు, ఓడలకు ఇది అడ్డు కాలేదు గాని, బండి మీద ఎక్కించడానికి అసాధ్యమయ్యింది.

ఆంగ్లేయుడు హెర్బర్ట్ అక్రాయిడ్ స్టూవర్ట్ 1890లోనే ఇంధనాన్ని పంపుతో నేరుగా పంపే ఇంజనుకు పేటెంటు పొందాడు. అయితే అందులో పీడనం తక్కువ, మండించడానికి ఒక గదిని ముందుగా దీపంతో వేడిచేయాలి. అందువలన ఈ రెండింటినీ ఒకే ఆవిష్కరణగా చెప్పడం సరికాదు.

కీర్తి, కష్టాలు

ఇంజను హక్కుల కోసం దేశదేశాల వారు వచ్చారు. అమెరికా హక్కులను బీరు వ్యాపారి అడాల్ఫస్ బుష్ పది లక్షల మార్కులకు కొన్నాడు. రష్యాలో నోబెల్ కుటుంబం కొన్నది. కాని ముందుగా అమ్మిన ఇంజన్లు తరచు మొరాయించాయి. కొన్ని తిరిగి వచ్చాయి. పరీక్షశాలలో నిపుణులు నడిపిన యంత్రం వేరు, కర్మాగారంలో సామాన్య పనివాడు నడిపే యంత్రం వేరు. ఈ తేడా రుడాల్ఫ్‌ను బాగా దెబ్బతీసింది. 1898లో నరాల బలహీనతతో చికిత్సాలయంలో చేరాడు. మ్యూనిక్‌లో పెద్ద భవనం కట్టించుకున్నాడు గాని, స్థలాల వ్యాపారంలో చాలా ధనం పోగొట్టుకున్నాడు. పేటెంటుకు తాను అర్హుడు కాదంటూ సాటి ఇంజనీర్లు సాగించిన వాదాలు, వ్యాజ్యాలు మరొక వైపు.

1900 పారిస్ ప్రదర్శనలో ఈ ఇంజనుకు అత్యున్నత బహుమతి లభించింది. 1912లో డెన్మార్క్‌లో కట్టిన సెలాండియా అనే డీజిల్ ఓడ కోపెన్‌హాగన్ నుండి బ్యాంకాక్ వరకు ప్రయాణించింది. యంత్రం లోకానికి పనికి వస్తున్న ఆ రోజుల్లోనే యజమాని దివాళా అంచున ఉన్నాడు.

మరణం

1913 సెప్టెంబరు 29 సాయంత్రం రుడాల్ఫ్ లండనులో ఒక సంస్థ సమావేశానికి వెళ్ళడానికి ఆంట్‌వెర్ప్‌లో డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కాడు. భోజనం తరువాత రాత్రి పది గంటల ప్రాంతంలో తన గదికి వెళ్ళాడు. ఉదయం 6:15కు లేపమని చెప్పాడు. తెల్లవారి చూస్తే గదిలో మనిషి లేడు. పరుపు నలగలేదు. టోపీ, కోటు ఓడ వెనుకభాగంలో కటకటాల వద్ద దొరికాయి. పది రోజుల తరువాత ఒక డచ్చి పడవ వారికి సముద్రంలో శవం కనిపించింది. జేబులోని వస్తువులు తీసుకుని శవాన్ని తిరిగి నీటికే వదిలారు. మాత్రల డబ్బా, కళ్ళజోడు పెట్టె మొదలైన ఆ వస్తువులను కుమారుడు యూజెన్ తన తండ్రివిగా గుర్తించాడు.

ప్రయాణానికి ముందు భార్యకు ఒక సంచి ఇచ్చి, వారం వరకు తెరవవద్దని చెప్పినట్లు, అందులో రెండు లక్షల మార్కులు, ఖాళీ అయిన బ్యాంకు ఖాతాల కాగితాలు ఉన్నట్లు జీవితచరిత్రకారులు వ్రాశారు. అప్పుల బాధతో ఆత్మహత్య చేసుకున్నాడనే అభిప్రాయం ఎక్కువగా ఉంది. యుద్ధం ముందటి రోజులు కావడంతో హత్య అనే ఊహలూ వ్యాపించాయి. వాటికి నిలకడైన ఆధారాలు లేవు.

కారులోనికి వచ్చిన ఇంజను

రుడాల్ఫ్ వదిలిపెట్టిన చిక్కును విప్పినవారు పలువురు. బెంజ్ సంస్థలో ప్రాస్పర్ లొరాంజ్ 1909లోనే, ఇంధనం ముందుగా ఒక చిన్న గదిలో మండి ఆ తరువాత సిలిండరులోకి వెళ్ళే పద్ధతిని రూపొందించాడు. స్టట్‌గార్ట్‌లో రాబర్ట్ బాష్ 1922లో ఇంధన పంపు పనిని చేపట్టి 1927లో విరివిగా ఉత్పత్తి ప్రారంభించాడు. అందులోని ప్లంజరుకు, దాని గొట్టానికి మధ్య సందు మిల్లీమీటరులో కొన్ని వెయ్యో వంతులు మాత్రమే. అది ఒక్కొక్కసారి పంపే ఇంధనం ఒక చుక్క కంటే తక్కువ. కంప్రెసరు అవసరం లేకపోవడంతో ఇంజను తేలికయ్యింది. 1936లో మెర్సిడెస్ 260 డి కారు డీజిల్‌తో వచ్చింది.

భారతదేశంలో ఈ పంపులు, నాజిళ్ళు తయారు చేయడానికి 1951లో బెంగుళూరులో మైకో సంస్థ ఏర్పడింది. 2008లో దాని పేరు బాష్ లిమిటెడ్‌గా మారినా, పాత మెకానిక్కుల నోట అది మైకో పంపుగానే నిలిచింది. 1489 సి.సి. డీజిల్ ఇంజనుతో వచ్చిన అంబాసిడర్ కారు తెలుగునాట టాక్సీగా చాలాకాలం తిరిగింది. దాని ఉత్పత్తి 2014లో ఆగింది.

పాత డీజిల్ కారు మొరాయించినప్పుడు మెకానిక్ వెతికేది రుడాల్ఫ్ వెతికిన చోటనే. ట్యాంకు నుండి ఫీడ్ పంపు ఇంధనాన్ని పీల్చి ఫిల్టరుకు పంపుతుంది. అక్కడి నుండి పెద్ద పంపుకు, ఆపై సన్నని గట్టి గొట్టాల ద్వారా నాజిళ్ళకు చేరుతుంది. ఇందులో ఒక విచిత్రం ఉంది. రుడాల్ఫ్ గాలి సహాయంతోనే ఇంధనాన్ని పంపగా, బాష్ పంపుకు గాలే శత్రువు. ద్రవం దాదాపుగా నొక్కుకోదు, గాలి నొక్కుకుంటుంది. గొట్టంలో గాలి బుడగ ఉంటే ప్లంజరు కొట్టిన దెబ్బ ఆ బుడగను నొక్కడంతోనే సరిపోయి నాజిలు తెరుచుకోదు. అందువలన పెట్రోలు కారు ఇంధనం అయిపోయి ఆగితే మళ్ళీ పోసి సాగిపోవచ్చు గాని, పాత డీజిల్ కారుకు ముందు ఎయిర్ తీయాలి. ఫిల్టరు పైని మర వదులు చేసి, ఫీడ్ పంపు మీది చేతిమీటను బుడగలు లేని డీజిల్ వచ్చేవరకు కొట్టి, మరను బిగించాలి. తరువాత పెద్ద పంపు వద్ద, ఆపై నాజిళ్ళ గొట్టాల వద్ద అదే పని.

గాలి ఎక్కడి నుండి చొరబడుతున్నదో కనిపెట్టడం అంత సులువు కాదు. ట్యాంకుకు, ఫీడ్ పంపుకు మధ్య గొట్టంలో పగులు ఉంటే ఇంజను నడుస్తున్నప్పుడు డీజిల్ బయటకు కారదు, గాలి లోపలికి పోతుంది. చూసేవారికి అంతా పొడిగానే కనిపిస్తుంది. శుభ్రమైన డబ్బాలో డీజిల్ పోసి ఎత్తున పెట్టి నేరుగా పంపుకు కలిపితే ఇంజను బాగా నడిచినట్లయితే, లోపం పంపులో కాక దాని వెనుక ఉన్నట్లు. ఈ పరీక్ష చేయకుండానే ఖరీదైన పంపును విప్పించుకున్న యజమానులు తక్కువేమీ కాదు. ఇంజను ఒక సిలిండరు మీద కుంటుతున్నప్పుడు నాజిళ్ళ గొట్టాల నట్లను ఒక్కొక్కటిగా కొద్దిగా వదులు చేసి చూస్తారు. ఏ నట్టు వదిలినా ధ్వని మారని చోట ఆ సిలిండరే పనిచేయడం లేదని అర్థం. ఇలా చూసేటప్పుడు చేతిని దగ్గరగా ఉంచరాదు. నాజిలు నుండి వెలువడే తుంపర చర్మాన్ని దూసుకుని లోపలికి పోయేంత బలం కలది.

కోనసీమలో

గౌతమి, వశిష్ట పాయల మధ్యనున్న కోనసీమలో ఇరవయ్యో శతాబ్దం అంతటా అమలాపురానికి రైలు లేదు. అంబాజీపేట కొబ్బరి లారీల మీదనే బయటకు పోయింది. కోటిపల్లి - ముక్తేశ్వరం, సఖినేటిపల్లి - నర్సాపురం రేవులలో జనాన్నీ, వాహనాలనూ పంట్లు దాటించాయి. నడి గోదావరిలో ఇంజనుకు ఎయిర్ పట్టడమంటే రోడ్డు మీద కారు ఆగడం వంటిది కాదు, పంటు ప్రవాహం వెంట కొట్టుకుపోతుంది. తేమ ఎక్కువైన గాలి వలన, సగం ఖాళీగా ఉన్న ట్యాంకు గోడల మీద నీరు చేరి అడుగుకు దిగడం ఇటువంటి ప్రాంతాలలో సాధారణం. నీరు డీజిల్ కంటే బరువు కనుక ట్యాంకు అడుగు మర విప్పితే ముందుగా అదే వస్తుంది. పంపు, నాజిళ్ళు తుప్పు పట్టడానికి ఇదొక ముఖ్య కారణం.

1900 పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపారు. వలస దేశాలలో అక్కడి పంటతోనే యంత్రాలు నడపవచ్చునన్న ఆలోచనను రుడాల్ఫ్ కూడా చివరి రోజుల్లో సమర్థించాడు. 2000 దశకపు తొలినాళ్ళలో ఆదిలాబాదు జిల్లాలో కానుగ నూనెతో జనరేటరు నడిపి గ్రామానికి విద్యుత్తు ఇచ్చే ప్రయత్నం జరిగింది. పసిఫిక్ ద్వీపాలలో కొబ్బరినూనెను కూడా డీజిల్ ఇంజన్లలో వాడారు. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల సెల్సియస్ వద్ద గడ్డకట్టడం మొదలవుతుంది. ధనుర్మాసపు తెల్లవారుజామున కోనసీమ ఇళ్ళలో సీసాలోని నూనె పేరుకున్నట్లే అది ఫిల్టరులోనూ పేరుకుంటుంది. అందుచేత ఇటువంటి ఇంజన్లను మామూలు డీజిల్ మీద మొదలుపెట్టి, వేడెక్కిన తరువాత నూనెకు మార్చి, ఆపే ముందు తిరిగి డీజిల్‌కు మార్చడం పద్ధతి.