కాపీ నోటుబుక్కు నుంచి కంపైలర్ దాకా

గూడూరు జంక్షన్‌లో పొద్దున్నే చెన్నై బండెక్కి ఇంటర్వ్యూకి వెళ్తున్నారా? అయితే బ్యాగులో ఉన్న ఆ ప్రాజెక్టు రికార్డు సంగతి ఓసారి మాట్లాడుకుందాం. అందులో మీరు రాసిన కోడ్ ఎంత, సీనియర్ దగ్గర దించింది ఎంత? నేనైతే లాగిన్ భాగం మొత్తం ఎత్తేశాను. దాంతోపాటు అందులోని తప్పూ వచ్చింది. అదెలా పనిచేస్తుందో ఇంటర్వ్యూలో అడిగితే తెల్లమొహం వేశాను.

ఈ కాపీ బాధ గ్రేస్ హాపర్‌కీ తప్పలేదు. కాకపోతే ఆమె దాన్ని అక్కడితో వదిలేయలేదు.

1906 డిసెంబర్ 9న న్యూయార్క్‌లో పుట్టారు. ఏడేళ్లప్పుడు లోపలేముందో చూద్దామని ఇంట్లోని అలారం గడియారాలు వరసపెట్టి ఏడు విప్పేశారట. 1934లో యేల్‌లో గణితంలో డాక్టరేట్ తీసుకున్నారు. వాసర్ కాలేజీలో లెక్కలు చెబుతూ, చెప్పిన సూత్రం మీద వ్యాసం రాసుకు రమ్మనేవారు. మేం చేరింది లెక్కలకు గానీ ఇంగ్లిష్‌కు కాదని పిల్లలు గొణిగేవారు. ఎదుటివాడికి వివరించలేకపోతే ఆ లెక్క వచ్చినా ఒకటే రాకపోయినా ఒకటే అన్నది ఆవిడ పట్టు.

యుద్ధం రోజుల్లో, 1943లో నౌకాదళ రిజర్వులో చేరారు. మరుసటి ఏడాది హార్వర్డ్‌లో మార్క్-1 ముందుకు పంపారు. 51 అడుగుల పొడవున్న యంత్రమది. అక్కడ ప్రోగ్రామర్లు బాగా పనిచేసిన ముక్కల్ని నోటుబుక్కుల్లో దాచుకునేవారు. సైన్ విలువ కావాలంటే పక్కవాళ్ల పుస్తకం అడిగి దించుకోవడమే. మన ల్యాబ్ రికార్డుల్లాగే! కానీ దించేటప్పుడు ఇంగ్లిష్ బి అక్షరం కాస్తా 13 అయిపోయేది. ముక్క కొత్త చోటుకి మారింది కాబట్టి అందులోని అడ్రసులన్నీ కూడి మార్చాలి, ఆ కూడికల్లోనూ తప్పులే. దించడం, కూడడం మనుషులకు సరిగా రాదు, యంత్రానికి వచ్చు కదా అని ఆమెకు తట్టింది.

1949లో ఫిలడెల్ఫియాలోని ఎకర్ట్-మాక్లీ కంపెనీకి మారాక అదే పని పట్టారు. పరీక్షించిన ముక్కలన్నీ టేపు మీద లైబ్రరీగా పెట్టి, ఒక్కోదానికి ఓ పిలుపు నంబరు ఇచ్చారు. మీరు ఆ పిలుపులు రాస్తే చాలు. టేపు మీంచి ముక్కలు ఏరుకొచ్చి, అడ్రసులు సరిచేసి, ప్రోగ్రాం కూర్చే పని యంత్రానిది. అదే 1952 నాటి ఏ-0. అది నడుస్తున్నా చాలామంది నమ్మలేదు.

ఈ ఆలోచన ఆమె ఒక్కరిదే అనుకోకండి. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో డేవిడ్ వీలర్ బృందం అప్పటికే ఇలాంటి లైబ్రరీ పెట్టి, 1951లో దాని మీద పుస్తకం కూడా వేసింది.

తర్వాత ఫ్లో-మాటిక్, దాని ప్రభావంతో 1959లో మొదలైన కోబాల్. బ్యాంకుల్లో అదింకా నడుస్తోంది. 1986లో 79వ ఏట రియర్ అడ్మిరల్‌గా రిటైరయ్యారు. ఉపన్యాసాల్లో దాదాపు 30 సెంటీమీటర్ల తీగముక్కలు పంచి, నానోసెకనులో కాంతి వెళ్లే దూరం ఇదే అని చూపేవారు. 1992 జనవరి 1న కన్నుమూశారు.

చెన్నై చేరడానికి రెండు గంటల పైనే ఉంది కదా, రికార్డు తీయండి. దించుకున్న ఒక్క ఫంక్షన్ పట్టుకోండి. దానికి ఏమివ్వాలి, ఏం తిరిగిస్తుంది, తప్పుడు విలువ ఇస్తే ఏమవుతుంది? పక్క సీట్లో ఉన్న ఫ్రెండ్‌కి కోడ్ చూపించకుండా చెప్పి చూడండి.