తుపానును చూసిన కళ్ళు: జొవాన్ని కస్సీని

వానరాత్రి రేడియో పెట్టుకుంటే, ఎక్కడో మెరుపు మెరిసినప్పుడల్లా పాట మధ్యలో గరగరమంటుంది. అటువంటి గరగరే శనిగ్రహం నుండీ వస్తుంది. దానిని పదమూడేళ్ళపాటు దగ్గరగా విన్న వ్యోమనౌక పేరు కస్సీని. ఆ పేరుగల మనిషి 1625 జూన్ 8న ఇటలీలోని పెరినాల్దో అనే కొండ ఊరిలో జన్మించారు.

జెనోవాలో యేసుసభ గురువుల వద్ద చదువుకొని, పాతికేళ్ళకే బొలోన్యాలో ఖగోళశాస్త్ర ఆచార్యులయ్యారు. అక్కడి సాన్ పెత్రోనియో దేవాలయాన్నే ఆయన పరికరంగా మార్చుకున్నారు. 1655లో దాని కప్పులో చిన్న రంధ్రం ఉంచి, నేలపై దాదాపు 67 మీటర్ల గీత అమర్చారు. మిట్టమధ్యాహ్నం సూర్యబింబం ఆ గీతపై పడుతుంది. పగలూ రాత్రీ సమానమయ్యే రోజును, అంటే ఉత్థాన పండుగ తేదీకి ఆధారమైన రోజును, దానితో సరిచూడవచ్చు. ఆ గీత నేటికీ ఉంది.

1665లో గురుగ్రహంపై ఆయనకు ఒక మచ్చ కనిపించింది. అది తిరిగి అదే చోటికి రావడానికి పట్టిన కాలం సుమారు 9 గంటల 56 నిమిషాలు. భూమికి 11 రెట్ల వెడల్పు గల గ్రహం పది గంటలలోపే ఒక చుట్టు తిరుగుతున్నదన్నమాట! ఆ మచ్చ కొన్నాళ్ళు మాయమయ్యేది, మళ్ళీ కనిపించేది. ఆయన విసుగుచెందక కనిపించినదీ, కనిపించనిదీ రాసిపెట్టారు. 1690లో మరో సంగతి గమనించారు: నడిమి భాగపు మచ్చలు త్వరగా, మిగిలినవి కాస్త మెల్లగా తిరుగుతున్నాయి. గట్టి నేల అలా తిరగదు. ఆయన చూస్తున్నది మబ్బులను, తుపానులను. ఇప్పటి పెద్ద ఎర్రమచ్చ ఆయన చూసినదేనని చాలాకాలం అనుకున్నారు. అది కాకపోవచ్చునని 2024లో ఒక పరిశోధన తేల్చింది.

ఫ్రాన్సు రాజు 14వ లూయీ పిలవగా, 9వ క్లెమెంతు పోపుగారి అనుమతితో 1669లో పారిస్ వెళ్ళారు. కొద్దికాలానికని వెళ్ళినవారు అక్కడే స్థిరపడి, శనికి నాలుగు ఉపగ్రహాలను, వలయాల నడుమ ఖాళీని కనుగొన్నారు. అయితే వెలుగు ప్రయాణానికి సమయం పడుతుందని తోటి శాస్త్రజ్ఞుడు రోమర్ 1676లో చూపితే మాత్రం ఒప్పుకోలేదు. అంతటివారికీ ఆ పట్టుదల తప్పలేదు.

చివరి రోజులలో చూపు పూర్తిగా పోయింది. 1712 సెప్టెంబరు 14న పారిస్‌లో కన్నుమూశారు.

ఆయన పేరుగల నౌక 2004లో శనిని చేరి, 2009లో చీకటివైపున మెరుపులను ఫోటో తీసింది. 2010 డిసెంబరులో లేచిన తుపాను గ్రహం చుట్టూ పాకి తన తోకను తానే అందుకొంది. ఉధృతంలో సెకనుకు పదికి పైగా మెరుపులు! లోతున నీటిమబ్బులు పైకి ఎగదన్నినప్పుడు, మన ఆకాశంలో వలెనే, అక్కడా మెరుపులు పుడతాయి. ఇంధనం అడుగంటాక 2017 సెప్టెంబరు 15న, కస్సీని వర్ధంతి మరునాడు, ఆ నౌక ఆ మబ్బులలోకే దిగి కాలిపోయింది.