నెగ్రీ చూపిన గుర్తు

వైద్య విద్యార్థులందరికీ పరిచయమైన పేరు అడెల్కి నెగ్రీ. ఆయన 1876లో ఇటలీలోని పెరూజియాలో జన్మించారు. పావియా విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి, ప్రఖ్యాత శాస్త్రజ్ఞుడు కామిల్లో గాల్జీ వద్ద శిష్యరికం చేశారు.

ఆ రోజుల్లో, కరచిన కుక్కకు పిచ్చి ఉన్నదో లేదో తేల్చాలంటే, దాని మెదడు పదార్థాన్ని కుందేలుకు ఎక్కించి వారాల తరబడి ఎదురు చూడవలసి వచ్చేది. కాటుపడిన బిడ్డ ఉన్న ఇంట ఆ వారాలు ఎలా గడిచేవో ఊహించండి!

1903లో నెగ్రీ, రేబిస్‌తో చనిపోయిన జంతువుల మెదడును సూక్ష్మదర్శినిలో పరిశీలిస్తూ, నరాల కణాలలో గుండ్రని చిన్న బింబాలను చూశారు. అవే 'నెగ్రీ బాడీస్'. ఇక ఫలితం కోసం వారాలు ఆగనక్కరలేదు. రేబిస్‌తో మరణించిన మనుషుల మెదడులోనూ వాటినే వెదికేవారు.

ఆ బింబాలే వ్యాధిని కలిగించే పరాన్నజీవులని ఆయన నమ్మారు. అది పొరపాటు, వ్యాధికి కారణం వైరస్. అయినా ఆయన చూపిన గుర్తు మాత్రం నిలిచింది. 1912లో, 35 ఏళ్లకే, క్షయవ్యాధితో ఆయన కన్నుమూశారు.

ఆ బింబాలు అందరిలోనూ కనబడవు. అందుకే 1958లో వచ్చిన ఫ్లోరసెంట్ యాంటీబాడీ పరీక్ష వాటి స్థానాన్ని ఆక్రమించింది. నేడు బ్రతికి ఉన్న రోగి లాలాజలాన్ని, మెడ వెనుక చర్మాన్ని, వెన్ను నీటిని కూడా పరీక్షిస్తారు. కాని లక్షణాలు పైకి రాకముందే మనిషిలో రేబిస్‌ను పసిగట్టే పరీక్ష లేదు. వచ్చాక ప్రాణం దక్కడం బహు అరుదు.

కనుక పాఠకులారా, కుక్క కరిస్తే పరీక్షల కోసం ఆగవద్దు. గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగండి. అదే రోజు టీకా వేయించండి.