కొడుకు సైకిల్ కోసం టైరులో గాలి నింపిన పశువుల డాక్టర్.. పేరు ప్రపంచమంతా, లాభం మాత్రం వేరేవాళ్లకి!

సిటీ రోడ్ల మీద మౌంటెన్ బైక్ తొక్కి ఆఫీసుకు వెళ్లేవాళ్లలో చాలామందికి ఒక విషయం అనుభవంలో ఉంటుంది. బుడిపెల టైర్లు తీసేసి నున్నటి స్లిక్ టైర్లు వేయిస్తే, అదే సైకిల్ ఇంకా తేలికగా పోతుంది. ఫ్రేమ్ అదే, గేర్లు అవే, తొక్కే కాళ్లూ అవే.. మారింది నేలను తాకే రబ్బరు మాత్రమే. ఆ రబ్బరు ఎంత తేడా చేస్తుందో 1887లో తన ఇంటి పెరట్లో రెండు చక్రాలు దొర్లించి తేల్చిన మనిషి జాన్ బాయిడ్ డన్‌లప్. ఆయన ఇంజినీర్ కాదు, పశువుల డాక్టర్. ఆయన పేరు కోట్లాది టైర్ల మీదకి ఎక్కింది. కానీ ఆ పేరు తెచ్చిన డబ్బులో పెద్ద వాటా ఆయనకి దక్కలేదు. ఇంతకీ ఏం జరిగిందో చూద్దాం.

పొలం నుంచి పశువుల ఆసుపత్రికి..

డన్‌లప్ 1840 ఫిబ్రవరి 5న స్కాట్లాండ్‌లోని డ్రెగ్‌హార్న్ అనే ఊళ్లో, రైతు కుటుంబంలో పుట్టారు. ఎడిన్‌బరోలో పశువైద్యం చదివారు. 1867లో సముద్రం దాటి ఐర్లాండ్ చేరుకున్నారు. మొదట డౌన్‌పాట్రిక్‌లో ప్రాక్టీస్ చేసి, తర్వాత బెల్‌ఫాస్ట్‌కు మారారు. 1871లో మార్గరెట్ స్టీవెన్సన్‌తో పెళ్లయింది. ఒక కూతురు, ఒక కొడుకు.

అప్పట్లో ఊళ్లో తిరిగే బళ్లన్నీ గుర్రాల మీదే ఆధారపడేవి. కాబట్టి గుర్రాల డాక్టర్‌కి పనికి కొదవ ఉండేది కాదు. బెల్‌ఫాస్ట్‌లో డన్‌లప్ ప్రాక్టీస్ బాగా పెద్దదైంది. అలాగే సాగిపోతే ఆయన పేరు ఆ ఊరు దాటి ఎవరికీ తెలిసేది కాదేమో. కానీ కథ మలుపు తిరిగింది ఇంట్లోనే.

పెరట్లో రెండు చక్రాల పందెం

కొడుకు జానీకి ఒక మూడు చక్రాల సైకిల్ ఉండేది. దాని చక్రాలకి గట్టి రబ్బరు పట్టీలు. బెల్‌ఫాస్ట్ వీధులేమో రాళ్లు పరిచినవి, మధ్యలో ట్రామ్ పట్టాలు. ఆ దారుల్లో సైకిల్ తొక్కితే పిల్లాడి ఒళ్లు హూనమయ్యేది. ఆ కుదుపులు తగ్గించడం ఎలాగా అని తండ్రి ఆలోచనలో పడ్డారు.

1887లో ఆయన సుమారు 96 సెంటీమీటర్ల వెడల్పున్న ఒక చెక్క చక్రం తీసుకున్నారు. పల్చటి రబ్బరు షీటుతో గొట్టం చేసి, దాని చుట్టూ బిగించి, పైన గుడ్డ చుట్టి మేకులు కొట్టారు. లోపల గాలి నింపారు. తర్వాత జానీ సైకిల్ చక్రం ఒకటి, ఈ గాలి చక్రం ఒకటి.. రెంటినీ పెరట్లో దొర్లించారు. గట్టి రబ్బరు చక్రం కొంత దూరం పోయి పడిపోయింది. గాలి చక్రం పెరడంతా దాటి, అవతల గేటు స్తంభానికి తగిలి వెనక్కి ఎగిరింది!

డన్‌లప్ వెతికింది సుఖం. దొరికింది మాత్రం సుఖంతో పాటు వేగం. కారణం ఏంటంటే, గట్టి చక్రం ప్రతి రాయి మీదకీ బండి బరువంతా ఎత్తుకుని ఎక్కాలి. ముందుకు పోవాల్సిన శక్తి పైకీ కిందకీ పోతుంది. గాలి టైరు మాత్రం ఆ రాయి మేరకు తను లోపలికి నొక్కుకుని, వెంటనే మళ్లీ పైకి లేస్తుంది. సైకిల్ నేరుగా సాగిపోతుంది.

మౌంటెన్ బైక్‌కి స్లిక్ టైర్లు వేసినప్పుడు పనిచేసేదీ దాదాపు ఇదే లెక్క. మట్టిలో పట్టు కోసం పెట్టిన బుడిపెలు తారు రోడ్డు మీద ప్రతి తిప్పుకీ నలిగి, వంగి, మళ్లీ లేస్తాయి. ఆ నలుగుడులోనే తొక్కేవాళ్ల శక్తి కొంత వేడిగా మారిపోతుంది. గుయ్‌మని వచ్చే ఆ మోత కూడా దానివల్లే. నున్నటి టైరుకి ఆ బాధ లేదు.

నవ్వినవాళ్లే వెనకబడ్డారు

డన్‌లప్ 1888లో పేటెంట్‌కి దరఖాస్తు చేశారు. అదే ఏడాది డిసెంబర్ 7న అది మంజూరైంది. అయితే లావుగా, ఉబ్బినట్టు కనిపించే ఆ టైర్లను చూసి జనం నవ్వుకున్నారు. వాళ్ల నోళ్లు మూయించింది విల్లీ హ్యూమ్ అనే సైక్లిస్ట్. 1889 మే 18న బెల్‌ఫాస్ట్‌ క్వీన్స్ కాలేజీ పోటీల్లో ఆయన గాలి టైర్ల సైకిల్‌తో దిగి, నాలుగు సైకిల్ పందేలూ గెలిచారు. ఆ తర్వాత ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో ఒక్కటి తప్ప అన్నీ ఆయనవే.

ఓడిపోయినవాళ్లలో హార్వే డు క్రోస్ అనే వ్యాపారి కొడుకులు కూడా ఉన్నారు. డు క్రోస్ అప్పట్లో ఐర్లాండ్ సైక్లిస్టుల సంఘానికి అధ్యక్షుడు. కొడుకుల ఓటమిలో ఆయనకి పెద్ద వ్యాపారం కనిపించింది. డన్‌లప్‌తో కలిసి 1889లో డబ్లిన్‌లో కంపెనీ పెట్టారు. పేటెంట్ కంపెనీకి ఇచ్చినందుకు డన్‌లప్‌కి 1,500 షేర్లు వచ్చాయి.

40 ఏళ్ల కిందటే ఒకరు చేసేశారు!

అంతా బాగుందనుకునేలోపు పిడుగు పడింది. పేటెంట్ వచ్చిన రెండేళ్లకే అది చెల్లదని తేలింది. ఎందుకంటే రాబర్ట్ విలియం థామ్సన్ అనే మరో స్కాట్లాండ్ వ్యక్తి, గాలి టైరు ఆలోచనకి 1845లోనే బ్రిటన్‌లో పేటెంట్ తీసుకున్నారు. 1846లో ఫ్రాన్స్‌లో, 1847లో అమెరికాలో కూడా పొందారు. ఆయన ఆ టైర్లను గుర్రపు బళ్లకు వేసి చూపించారు కూడా. కానీ అప్పటికి ఈనాటి సైకిల్ పుట్టలేదు. పల్చటి రబ్బరు ఖరీదెక్కువ. దాంతో ఆ ఆలోచన మరుగున పడిపోయింది. థామ్సన్ 1873లోనే చనిపోయారు. డన్‌లప్‌కి ఆయన సంగతే తెలియదు.

తన సొంత ఆలోచనే అనుకున్నది చట్టం దృష్టిలో తనది కాకుండా పోయింది. మరి కంపెనీ ఎలా నిలబడింది? డు క్రోస్ చుట్టుపక్కల పేటెంట్లు కొనేశారు. అందులో ముఖ్యమైనవి 1890 నాటి చార్లెస్ కింగ్‌స్టన్ వెల్చ్, విలియం బార్ట్‌లెట్ పద్ధతులు. డన్‌లప్ మొదటి టైరు రిమ్‌కి గుడ్డతో చుట్టి అతికించింది. పంక్చర్ పడితే అదంతా ఊడదీయాల్సిందే. వెల్చ్ టైరు అంచుల్లో తీగ పెట్టి, అది రిమ్ లోపల కూర్చునేలా చేశారు. అంటే అవసరమైనప్పుడు విప్పి, మళ్లీ ఎక్కించుకోవచ్చన్నమాట.

స్లిక్ టైర్లు వేసుకునేవాళ్లకి పనికొచ్చే ముక్క

ఈరోజు రెండు లివర్లతో పావుగంటలో టైరు మార్చుకోగలుగుతున్నామంటే ఆ తీగ పుణ్యమే. అయితే తీగ రిమ్‌లో సరిగ్గా కూర్చోవాలంటే సైజు పక్కాగా కలవాలి. టైరు పక్కన 54-559 లాంటి అంకెలుంటాయి. మొదటిది వెడల్పు, రెండోది తీగ కూర్చునే చోటు వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. వెడల్పు తగ్గించుకోవచ్చు, కానీ రెండో అంకె మారకూడదు. 26 అంగుళాల మౌంటెన్ బైక్‌కి 559 ఉంటుంది. పాతకాలం 26 x 1 3/8 టైరు మీద 590 ఉంటుంది. రెండూ 26 అంగుళాలే అంటారు, కానీ ఒకదాని చోట ఇంకొకటి పట్టదు. కొత్త టైరు ఎంత సన్నగా ఉండొచ్చన్నది రిమ్ వెడల్పుని బట్టి షాపులో అడిగి తేల్చుకోవాలి. టైరు సన్నబడితే ట్యూబు కూడా ఆ వెడల్పుకి తగ్గదే వేయాలి. గాలి ఎంత పట్టాలో టైరు మీదే రాసి ఉంటుంది, దాన్ని మించకూడదు. తడి తారు మీద నున్నటి టైరు భయపడాల్సినంత జారదు. కానీ బురద, ఇసుక, మ్యాన్‌హోల్ మూతల దగ్గర జాగ్రత్త తప్పదు.

కంపెనీ కోట్లకి.. డన్‌లప్ ఇంటికి

మళ్లీ డన్‌లప్ దగ్గరికి వస్తే, 1895లో ఆయన కంపెనీ నుంచి తప్పుకున్నారు. మరుసటి ఏడాదే, 1896లో, డు క్రోస్ ఆ వ్యాపారాన్ని టెరా హూలీ అనే ఫైనాన్షియర్‌కి 30 లక్షల పౌండ్లకి అమ్మేశారు. హూలీ దాన్ని 50 లక్షల పౌండ్లకి షేర్ల రూపంలో జనానికి అమ్మారు. ఎవరి పేరు చెప్పి ఈ బేరమంతా జరిగిందో, ఆయన మాత్రం అప్పటికే బయట ఉన్నారు.

డన్‌లప్ గడ్డం బొమ్మ కంపెనీ గుర్తుగా మారింది. ఆయన పేరు దేశాలు దాటింది. మన దేశంలో 1936లో హుగ్లీ ఒడ్డున సాహాగంజ్‌లో డన్‌లప్ ఫ్యాక్టరీ మొదలైంది. మామూలు సైకిల్ ట్యూబుకి ఉండే, లోపల సన్నటి రబ్బరు గొట్టం తొడిగే వాల్వుని ఇప్పటికీ డన్‌లప్ వాల్వ్ అంటారు. నిజానికి ఆ వాల్వ్ రూపొందించింది వుడ్స్ అనే ఇంకో వ్యక్తి. అంటే డన్‌లప్ చేసినదాని లాభం వేరేవాళ్లకి పోయింది, వేరేవాళ్లు చేసినదానికి డన్‌లప్ పేరు వచ్చింది!

చివరి రోజుల్లో ఆయన డబ్లిన్‌లో ఉంటూ, ఒక బట్టల వ్యాపారంలో కొంత వాటాతో ప్రశాంతంగా గడిపారు. 1921 అక్టోబర్ 23న, 81 ఏళ్ల వయసులో కన్నుమూశారు. డీన్స్‌గ్రేంజ్ శ్మశానంలో ఆయన సమాధి ఉంది. గాలి టైరు చరిత్ర మీద ఆయన రాసుకున్నది, ఆయన పోయాక కూతురు పుస్తకంగా తెచ్చారు. తర్వాతి కాలంలో ఉత్తర ఐర్లాండ్‌లోని నార్తర్న్ బ్యాంక్ తన 10 పౌండ్ల నోటు మీద ఆయన బొమ్మ ముద్రించింది.