కూపరు కవి చరిత్రము

పూర్వము మన పాఠశాలలలో ఆంగ్లము చదివిన పెద్దలకు జాన్ గిల్పిన్ గుఱ్ఱపు సవారి కథ జ్ఞాపకముండకపోదు. ఆ కథ చదివి కడుపుబ్బ నవ్వినవారిలో, దానిని వ్రాసిన విలియం కూపరు ఎంత దుఃఖము ననుభవించెనో యెఱిగినవారు కొందఱే. (ఆయన పేరును అక్షరములను బట్టి కౌపరని చదువుదురు గాని, ఆ యింటివారు కూపరనియే పలికెడివారు.)

ఈయన 1731వ సంవత్సరమున ఇంగ్లండునందలి గ్రేట్ బర్కమ్‌స్టెడ్ అను ఊర నొక సంఘకాపరి యింట జన్మించెను. ఆరేండ్ల ప్రాయమున తల్లి మరణించెను. పిమ్మట తండ్రి వానిని దూరపు పాఠశాలలో నుంచెను. అచ్చట నొక పెద్ద బాలుడు ఈ పసివానిని రహస్యముగా హింసించుచుండెను. కూపరు భయముచేత వాని మోకాళ్లకు పైగా కన్నులెత్తి చూడజాలక, వానిని ముఖమునుబట్టి గాక జోళ్ల బకిల్సునుబట్టి గుర్తుపట్టెడివాడట! మన వసతి గృహమునందలి పెద్ద బాలురు ఈ చోట కొంచెము నిలిచి, ఈ మాటలు మరల చదువవలెనని మా కోరిక.

ఈయన న్యాయశాస్త్రము చదివెను. 1763లో ప్రభువుల సభయందొక యుద్యోగము దొరకునట్లుండెను గాని, అందుకై సభయెదుట పరీక్షకు నిలువవలసి వచ్చెను. ఆ భయమున మనస్సు చెదరి, ప్రాణము తీసికొన యత్నించి, దైవవశమున బ్రతికెను. సెయింట్ ఆల్బన్సులో కాటన్ అను దయగల వైద్యుని పోషణయందుండగా, 1764లో రోమా పత్రిక 3వ అధ్యాయము 25వ వచనము చదివి, క్రీస్తు చేసిన ప్రాయశ్చిత్తము తనకును చాలునని గ్రహించి, ఆనందబాష్పములు విడిచెను.

1767లో ఈయన, తన్ను కుమారునివలె చూచిన మేరీ అన్విన్ అను విధవరాలితో కూడ ఓల్నీ గ్రామమునకు వచ్చెను. అచ్చటి సంఘకాపరి జాన్ న్యూటన్, ఒకప్పుడు బానిసల నోడకు నాయకుడు. ఇరువురును కలిసి బీదలను దర్శించుచు, ప్రార్థన కూటములకై కీర్తనలు వ్రాయుచుండిరి.

1773వ సంవత్సరారంభమున మరల ఆ వ్యాధి వచ్చెను. దేవుడు తన్ను విడిచెనని తెలుపు కల యొకటి వచ్చెనని కూపరు నమ్మెను. కడపటి 27 ఏండ్లును ఆ తలంపు ఆయనను వదలలేదు. దేవుడు కనికరము గలవాడనుటలో ఆయనకు సందేహము లేదు; ఆ కనికరము లోకమునందెల్లరికిని కలదు, తనకొక్కనికే లేదనుకొనెను. ఆలయమునకు పోవుట మానెను, ప్రార్థించుటయు మానెను. 1779లో ఓల్నీ కీర్తనలు అచ్చుపడినప్పుడు, వానిలో అరువదికి పైగా ఈయనవే. కాని ఆ కీర్తనలు పాడు కూటములలో ఈయన లేడు.

సంతోషము లేనివానికి విశ్వాసము లేదని మేమును ఒకప్పుడు తరగతిలో చెప్పియుంటిమి. దుఃఖములోనున్న బిడ్డతో ఆ మాట పలుకుట యెంత క్రూరమో ఈ చరిత్రము చదివిన పిదప తెలిసికొని మానుకొంటిమి. కృప మన హృదయమునకు తోచుటను బట్టి ఉండుటయు లేకపోవుటయు కాదు. అది దేవునియొద్ద నున్నది.

న్యూటన్ స్నేహితుని గద్దింపలేదు. 1773 ఏప్రిలులో తన యింటికి చేర్చుకొని, ఏడాదికి పైగా కాపాడెను. అన్విన్ అమ్మగారు రేయింబవళ్లు కనిపెట్టుకొనియుండిరి. పొరుగువారు తెచ్చియిచ్చిన కుందేళ్లలో మూడింటిని పెంచుచు, తోటపని, వడ్రంగము చేయుచు కూపరు కొంత నెమ్మది పొందెను. గిల్పిన్ కథ 1782లో ఇట్టి దినములలోనే పుట్టినది. 1785లో టాస్క్ అను గొప్ప కావ్యము వెలువడెను. 1788లో బానిస వ్యాపారమును ఖండించుచు పద్యములు వ్రాసెను. తాను విడువబడితినని నమ్మినవాడు, విడువబడిన నీగ్రో బానిసల పక్షమున పలికెను!

1796లో అన్విన్ అమ్మగారు మరణించిరి. 1799లో, ఓడనుండి సముద్రమున పడి మునిగిపోయిన యొక నావికుని గూర్చి కూపరు కడపటి పద్యము వ్రాసెను. 1800 ఏప్రిలు 25వ తేదిని ఈస్ట్ డీరమ్ అను ఊర ప్రాణము విడిచెను. వృద్ధుడైన న్యూటన్ స్నేహితుని నిమిత్తము జ్ఞాపకార్థ ప్రసంగము చేసెను. కడవరకు దగ్గరనుండి సేవచేసిన బంధువు జాన్ జాన్సను, ప్రాణము పోయిన పిమ్మట ఆ ముఖమున నెమ్మదియు, దానితో కలిసి పరిశుద్ధమైన యొక యాశ్చర్యమును కనబడెనని తెలిపెను.