నాగలి పట్టువారి వ్యాకరణకర్త – విలియం కాబెట్

రాజు పేర పార్లమెంటులో చదువబడిన ఉపన్యాసమును ముందుంచుకొని, అందలి తప్పులను సేద్యగాండ్ర బిడ్డలకు ఎత్తిచూపిన వైయాకరణుడు విలియం కాబెట్.

ఆయన 1763లో ఇంగ్లండునందలి ఫార్న్‌హామున రైతు కుటుంబములో జన్మించెను. బడిచదువు లేదనవచ్చును. 1784లో సామాన్య సైనికుడై, దినమునకు ఆరు పెన్నీల జీతముపై బ్రతుకుచు, బిషప్ లౌత్ వ్యాకరణమును ఆసాంతము వ్రాసికొని, కంఠస్థము చేసి, కావలి కాయునపుడు వల్లించెను. పడక అంచే ఆయనకు ఆసనము, వీపుసంచియే గ్రంథాలయము.

పిదప 1802లో 'పొలిటికల్ రిజిస్టర్' పత్రికను స్థాపించెను. సైనికులను కొరడాలతో కొట్టించుటను ఖండించినందులకు 1810 నుండి రెండేండ్లు న్యూగేటు చెరసాలలో నుండెను. 1817లో మరల నిర్బంధభయము కలుగగా అమెరికాకు వెడలి, లాంగ్ ఐలండున సేద్యము చేయుచు, కుమారుడు జేమ్సునకు లేఖలుగా ఇంగ్లీషు వ్యాకరణమును రచించెను. అది 1818లో న్యూయార్కున వెలువడెను. సైనికులు, నావికులు, పని నేర్చు బాలురు, నాగలి పట్టు కుఱ్ఱవాండ్రు దానికి ముఖ్య పాఠకులని గ్రంథముఖముననే ప్రకటించెను.

అందు 'ఇట్' అను చిన్నమాటను ఆయన మిక్కిలి అనుమానించెను. రెండు మూడు నామములు ముందు నడచినపుడు అది దేనిని సూచించునో పాఠకుడు ఊహింపవలసి వచ్చును. 'హీ' సంగతియు నట్టిదే. హీ పొరబడెనని జాన్ జేమ్సుతో చెప్పెనన్నచో, పొరబడిన దెవరు? తెలుగున 'తాను' అన్నచో చెప్పినవాడే యని తేలును. ఇంగ్లీషు 'హీ'కి ఆ శక్తి లేదు. అట్టిచోట నామమునే మరల వ్రాయవలెను, లేదా వాక్యమును తిరుగ కూర్పవలెను. విశేషణములును తమకు సంబంధించిన మాట చెంతనే నిలువవలెను. 'ఓన్లీ' అను మాట స్థానము తప్పినచో, రైతు మాత్రమే పన్ను కట్టెనో, రైతు పన్ను మాత్రమే కట్టెనో తెలియరాదు.

మహాపండితుడైన జాన్సన్ వాక్యములను సైతము ఆయన తప్పుల పట్టికలో చేర్చెను. 1823 నాటి కూర్పున రాజనీతిజ్ఞులకై ఆరు పాఠములు జోడించెను. ఇది పరిహాసము మాత్రమే కాదు. భాష రానివాడని పేదవాని మొరను త్రోసివేయుట సులభము. ఏలికల అస్పష్టవాక్యమునకు బద్ధుడగువాడును ఆ పేదవాడే. ఈ మాట దేనిని సూచించుచున్నదని అడుగ నేర్చినవానిని మోసగించుట కష్టమని కాబెట్ గ్రహించెను.

1832లో ఓల్డ్‌హాము ప్రతినిధిగా ఆయన పార్లమెంటున ప్రవేశించెను, 1835లో మరణించెను. ఒకనాడు తాను తప్పులెన్నిన సభలోనే నాగలి పట్టిన ఆ కుఱ్ఱవాడు సభ్యుడై కూర్చుండెను.